కాలవలంక మునిసిపాలిటీలో ఇష్టపదాల కేటాయింపు

కాలవలంక మునిసిపల్ ఆఫీసులో పదకొండు గంటలకి టీ వస్తుంది. ఆఫీసన్నాక టీ రాకుండా ఎలా ఉంటుంది, అదేమీ విశేషం కాదు. విశేషమల్లా జనన మరణాల సెక్షన్లో ఉండేది. అక్కడికి టీతోపాటు రోజూ ఒక ఇంగ్లీషు మాట కూడా వచ్చేది.

దాసరి యోహాను ఊళ్ళో పుట్టినవాళ్ళకీ పోయినవాళ్ళకీ సర్టిఫికెట్లు రాసే సీనియర్ అసిస్టెంటు. అదే గదిలో ఆయన ఎదురుబల్ల కరీమున్నీసాది, ఆవిడ నీటిపన్ను చూసేది. ఇద్దరికీ వింత వింత ఇంగ్లీషు మాటలంటే పిచ్చి. పరీక్షలు రాయడానికో, నలుగురిలో గొప్పలు పోవడానికో కాదు. కొందరికి తపాలా బిళ్ళల పిచ్చి ఉంటుంది చూడండి, అలాంటిది. అయితే తపాలా బిళ్ళని పెట్టెలో దాచుకుని ఒంటరిగా చూసుకున్నా సంబరమే. మాట అలా కాదు. దొరికిన మాటని ఇంకొకరి చెవిన వేసి, వాళ్ళ మొహం వెలగడం చూస్తేగానీ మనసు కుదుటపడదు. అందుకని ఒకరోజు ఆయన తెచ్చేవాడు, ఒకరోజు ఆవిడ తెచ్చేది.

“ఇవాళ నాది వినండి,” అనేది ఆవిడ గ్లాసు ఊదుకుంటూ. “పాండిక్యులేషన్.”

“ఆగండాగండి, చెప్పేయకండి. జబ్బాండి?”

“జబ్బు కాదండి బాబూ. అదిగో, మన గవర్రాజు చేస్తున్నాడే, అది.”

అటెండరు గవర్రాజు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ పైకెత్తి ఒళ్ళు విరుచుకుంటూ, నోరు బార్లా తెరిచి ఆవులిస్తున్నాడు. ఆ రెండు పనులకీ కలిపి ఇంగ్లీషువాళ్ళు అంత పొడుగు పేరు పెట్టుకున్నారని తెలిసి యోహాను టీ పొలమారేదాకా నవ్వాడు. “అయితే మనోడు ఇన్నేళ్ళూ ఊరికే కూర్చోలేదన్నమాట,” అన్నాడు.

యోహానుకి ఉద్యోగంలో ప్రమోషన్లు ఆలస్యమయ్యాయి, మోకాళ్ళ నొప్పులు మాత్రం ముందే వచ్చాయి. అయినా పొద్దున్నే ఆఫీసుకి హుషారుగా వచ్చేవాడంటే ఆ పదకొండు గంటల టీ కోసమే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఇంట్లో భార్య రూతమ్మకీ తెలుసు.

ఇలా ఉండగా నిఖిలేష్ గారు కమిషనర్‌గా వచ్చాడు. కుర్రాడు, చురుకైనవాడు, మంచివాడు కూడా. వచ్చిన కొత్తలోనే నాయకత్వ శిక్షణ అని ఎక్కడికో వెళ్ళి తిరిగొచ్చాడు. శిక్షణకి వెళ్ళొచ్చిన ఆఫీసరు కన్నా ప్రమాదం ఆఫీసుకి ఇంకోటి ఉండదు. సరుకు వేడివేడిగా ఉంటుంది, వడ్డించడానికి విస్తళ్ళు కావాలి.

ఆయన ఒకరోజు పదకొండింటికి నడవాలోంచి వెళుతూ, జనన మరణాల సెక్షన్లో పగలబడి నవ్వులు విని లోపలికి తొంగి చూశాడు.

“వాట్ ఈజ్ ద జోక్?”

యోహాను గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. “జోకేం లేదు సార్. గొంగూజ్లర్ సార్.”

“హూ ఈజ్ హీ?”

“మనిషి పేరు కాదు సార్. కాలవ గట్టున పనీపాటా లేకుండా నిలబడి, నీళ్ళ మీద పోయేవాటిని చూస్తూ ఉంటాడే, వాడిని ఇంగ్లీషులో అలా అంటారు సార్. నాకు భలే ఇష్టమైన మాట సార్.”

కమిషనర్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆఫీసు వెనక కాలవలో గుర్రపుడెక్క మెల్లగా కొట్టుకుపోతోంది. గట్టు మీద ఇంజినీరింగ్ సెక్షన్ యావత్తూ చేతులు కట్టుకుని నిలబడి దాన్ని చూస్తోంది. ఇంకో ఆఫీసరైతే వాళ్ళకి మెమోలు ఇచ్చేవాడు. నిఖిలేష్ గారి మొహం మాత్రం వెలిగిపోయింది.

“ఇష్టమైన మాట! ఫేవరెట్ వర్డ్! యోహాను గారూ, మీకు తెలియకుండానే మీరొక బెస్ట్ ప్రాక్టీస్ నడిపిస్తున్నారు. దీన్ని మనం ఇన్‌స్టిట్యూషనలైజ్ చేద్దాం.”

ఆయన వెళ్ళాక యోహాను చిన్నపిల్లాడిలా పొంగిపోయాడు. కరీమున్నీసా మాత్రం, “మనుషుల్ని తీసుకెళ్ళి పిచ్చాసుపత్రిలో పడేయడాన్ని కూడా ఇంగ్లీషులో అదే మాట అంటారండోయ్,” అంది.

సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చింది. “సిబ్బంది యందు భాషా నైపుణ్యము, ఉత్సాహము, ఉత్పాదకత పెంపొందించు నిమిత్తము, ఈ కార్యాలయ ఉద్యోగులందరూ తమకు మిక్కిలి ఇష్టమైన ఒక ఆంగ్ల పదమును ఉదయపు సమావేశమందు సంతోషపూర్వకముగా పంచుకొనవలయును. సంతోషము కనబరచని వారిపై తగు చర్య గైకొనబడును.”

నిజం చెప్పాలంటే మొదటి రోజు చాలా బాగా జరిగింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ లేచి, “ఫినాయిల్ అండి,” అన్నాడు. “ఆ మాట అంటేనే సగం ఊరు శుభ్రమైపోయినట్టు ఉంటదండి.” రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ తనకి పెనాల్టీ ఇష్టమన్నాడు, అది అందరికీ ముందే తెలుసు. గవర్రాజు సిగ్గుపడుతూ, “కాలీఫ్లవర్ అండి. మా ఇంటిది గోబీ పువ్వంటది. నేనొప్పుకోను. కాలీఫ్లవర్ అంటే నోరంతా నిండుద్దండి,” అన్నాడు. హాలంతా చప్పట్లు. కరీమున్నీసా వంతు వచ్చింది. “అప్రిసిటీ,” అంది మెల్లగా. “చలికాలం పొద్దున్నే వీపుకి తగిలే ఎండ వెచ్చదనం.” ఎక్కడో వెనక నుంచి, “ఇంకోసారి అనండి మేడమ్,” అని వినబడింది. తన టీబల్ల ఆఫీసంత పెద్దదైపోయిందని యోహానుకి ఆ పూట ఎంత ఆనందం వేసిందో చెప్పలేం.

గొడవ రెండో రోజు మొదలైంది. జూనియర్ అసిస్టెంట్లు ఇద్దరూ ‘ఆసమ్’ అనే మాటే చెప్పారు. అందరూ నవ్వి ఊరుకున్నారు. మేనేజర్ సోమయాజులు గారు నవ్వలేదు, ఊరుకోలేదు.

సోమయాజులు గారికి రూలు లేనిచోట ఊపిరాడదు. గడియారం ఆయన్ని చూసి సరిచేసుకోవాలన్నట్టు ఆఫీసుకి వచ్చేవాడు. తన బల్ల మీదికి వచ్చిన కాగితాన్ని ఆ పూటే పంపేయకపోతే అన్నం సయించేది కాదు. లంచం ఎరగడు, ఆలస్యం ఎరగడు, కాలక్షేపం అసలే ఎరగడు.

“ఒక పోస్టులో ఇద్దరిని ఎలా కూర్చోబెడతామండి?” అన్నాడు ఆయన కమిషనర్‌తో. “ఒక పదానికి ఇద్దరు హక్కుదారులైతే రేపు ఆడిట్ వాళ్ళకి ఏం సమాధానం చెబుతాం? పదాలని సీనియారిటీ ప్రకారం కేటాయించాలండి. ఒకరికి కేటాయించిన పదం ఇంకొకరు మాటలోగాని రాతలోగాని వాడరాదు.”

కమిషనర్‌కి ఇది ‘క్లారిటీ’ అనిపించింది. సర్వీసులో పది రోజులు ముందు చేరినవాడికి ‘ఆసమ్’ దక్కింది. రెండోవాడికి ‘ఓకే’ ఇచ్చి సర్దిచెప్పారు.

కేటాయింపులయ్యాక ఇంకో చిక్కు బయటపడింది. కమిషనర్ ఇష్టపదం ‘విజన్’. అటెండరు ఇష్టపదం ‘కాలీఫ్లవర్’. అధికారి కన్నా అటెండరు దగ్గర అక్షరాలు ఎక్కువున్నాయి. సోమయాజులు గారికి ఆ రోజంతా మనసు మనసులో లేదు. మర్నాడు కేడర్ వారీగా అక్షరాల పరిమితి వచ్చింది. కమిషనర్ పదాన్ని ప్రత్యేక సడలింపు మీద ‘విజనరీ లీడర్‌షిప్’గా పెంచారు. గవర్రాజు కాలీఫ్లవర్‌ని మధ్యకి నరికి ‘కాలీ’ వరకు అతనికి ఉంచి, ‘ఫ్లవర్’ని ఖాళీ పోస్టుగా చూపించి, భర్తీకి పైవారిని అనుమతి కోరారు.

“సగం పువ్వు నేనేం చేసుకోనండి?” అని గవర్రాజు యోహాను దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఇంతలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ బావమరిది పెళ్ళికి సెలవు పెట్టి వెళ్ళాడు. తన పదాన్ని ఎవరికీ ఇన్‌ఛార్జి ఇవ్వకుండా వెళ్ళాడు. మార్కెట్ కడగడానికి సరుకు తెప్పించాలి, కాగితం మీద ఫినాయిల్ అని రాసే అధికారం ఎవరికీ లేదు. ‘నీళ్ళలో పోయగా తెల్లబడు ఘాటైన ద్రవము’ అని రాసి పంపారు. కాంట్రాక్టరు, అలాంటి ఐటమ్ టెండరులో లేదని తిప్పి పంపాడు. చేపల మార్కెట్ దగ్గర జనం ముక్కులు మూసుకుని ధర్నా చేశారు. కమిషనర్ బయటికి వచ్చి, వాళ్ళకి విజనరీ లీడర్‌షిప్ గురించి చెప్పి పంపించాడు.

ఉద్యోగుల సంఘం ఊరుకుంటుందా? ఒక్కో పదంతో కుటుంబం గడవదని, తలకి రెండో పదం మంజూరు చేయాలని గేటు ముందు నినాదాలు చేసింది. పోరాటం ఫలించింది. రెండో పదం దొరకడంతోనే ఎగబడ్డారు. రికార్డ్ కీపర్ ‘ఫైల్’ పట్టుకుపోయాడు. క్యాషియర్ ‘పెన్’ తీసుకున్నాడు. కమిషనర్ గారు ఎంతో ఆలోచించి ‘కమిషనర్’ అనే పదమే తీసుకున్నారు. దాంతో ఎవరైనా ఎవరినైనా ఏదైనా అడగాలంటే, “ఆ కాగితాల కట్ట ఇలా ఇచ్చి, ఆ రాసే పుల్ల కూడా ఇవ్వండి,” అనవలసి వచ్చింది. ఆఫీసు ముందులాగే నడుస్తూ ఉందని సోమయాజులు గారు నివేదిక పంపారు. అందులో అబద్ధమేమీ లేదు.

వీటన్నిటినీ యోహాను నవ్వి భరించేవాడే. భరించలేనిది ఒక్కటే. ఆ తర్వాత వచ్చిన సర్క్యులర్లో ఇలా ఉంది: “ఉదయపు సమావేశము వెలుపల పదములను ఇచ్చిపుచ్చుకొనుట సమాంతర పంపిణీగా పరిగణించబడును.” పదకొండింటికి టీ వచ్చేది. ఇద్దరూ మొహాలు చూసుకుని తాగేవారు. కరీమున్నీసా ఏదో చెప్పబోయి, గోడ మీద అంటించిన సర్క్యులర్ వైపు చూసి, “ఎండలు ముదిరాయండి,” అనేది. ఆయన, “అవునండి,” అనేవాడు. ఆ టీ ఎంత చప్పగా ఉండేదో.

ఒకరోజు పొద్దున్న యోహానుకి ఒక మాట దొరికింది. ఆగలేక కాఫీ కలుపుతున్న భార్య దగ్గరికి పరిగెత్తాడు.

“రూతమ్మా, మన ఎల్లుండికి ఇంగ్లీషువాళ్ళ దగ్గర కూడా ఒక మాట ఉండేదట! ఓవర్‌మారో. పాపం ఎప్పుడో పారేసుకున్నారు. ఇప్పుడు రేపటి తర్వాతి రోజు అని చుట్టూ తిరిగి చెప్పుకుంటున్నారు.”

“పారేసుకుంటే ఎతుక్కుంటార్లెండి,” అంది రూతమ్మ. “ఎల్లుండి గ్యాస్ బుక్ చేస్తానన్నారు, పది రోజులైంది. ఆ ఎల్లుండేదో ముందు ఎతకండి.”

ఆయన ఆ మాటని అలాగే మోసుకుని ఆఫీసుకి వెళ్ళాడు. ఆఫీసులో మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర కరీమున్నీసా ఒంటరిగా కనబడింది. అటూ ఇటూ చూసి చెప్పేశాడు. ఆవిడ మొహం ఎలా వెలగాలని అనుకున్నాడో అలాగే వెలిగింది. “అయ్యో, అంత మంచి మాట ఎలా పోగొట్టుకున్నారండీ!” అని, బదులుగా చెవిలో ఒకటి చెప్పింది. “గ్రోక్. పక్కవాళ్ళు తింటుంటే పెడతారేమోనని కళ్ళప్పగించి చూడటం.” ఇద్దరూ డ్రమ్ము పట్టుకుని నవ్వారు.

డ్రమ్ము వెనక సోమయాజులు గారు నీళ్ళు తాగుతున్నాడు.

సంజాయిషీలు అడిగారు, ఇచ్చారు. ఆ విచారణలో కరీమున్నీసా దగ్గర కేటాయించనివి వందల మాటలు నిల్వ ఉన్నాయని తేలింది. శిక్షిస్తారని అందరూ భయపడ్డారు. కమిషనర్ గారు మాత్రం పొంగిపోయాడు.

“ఇది క్రైమ్ కాదు, రిసోర్స్! మన దగ్గర సర్‌ప్లస్ ఉంది. ఎర్రమెట్ట మునిసిపాలిటీలో సిబ్బంది మొత్తానికి కలిపి ‘థాంక్యూ’ ఒక్కటే ఉందట. మేడమ్‌ని అక్కడికి డిప్యుటేషన్ మీద పంపిద్దాం.”

“పద సర్దుబాటు,” అన్నాడు సోమయాజులు గారు తృప్తిగా. “శుక్రవారం ప్రాంతీయ డైరెక్టర్ గారు తనిఖీకి వస్తున్నారు. ఆయన సంతకం అయిపోతే సోమవారం నుంచి అక్కడే.”

ఆవిడ ఆ సాయంత్రం సంచి సర్దుకుంటూ, “రెండు బస్సులు మారాలంటండి,” అంది. “బస్సులకేం లెండి, కూర్చుంటే అవే తీసుకెళ్తాయి. అక్కడ పదకొండింటికి ఎవరికి చెప్పనండి?”

యోహాను తన రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు. తను ఆ రోజు నోరు మూసుకుని, జోకేం లేదు సార్ అని ఊరుకుని ఉంటే సరిపోయేది కదా అనుకున్నాడు. అనుకుంటూ ఉండగానే ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాడు.

మర్నాడు సోమయాజులు గారి ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

“నేనింకా రెండో పదం తీసుకోలేదండి.”

“ఏది కావాలండి?”

“సార్.”

“చెప్పండి, ఏ పదం?”

“అదేనండి. సార్ అనే పదం.”

సోమయాజులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. జాబితా అంతా చూశాడు. ఎవరికీ కేటాయించలేదు. అక్షరాలు పరిమితిలోనే ఉన్నాయి. అభ్యర్థి సీనియర్. కేటాయించకుండా ఆపే రూలు ఎంత వెతికినా దొరకలేదు. “ఇది మీకు అంత ఇష్టమా?” అన్నాడు అనుమానంగా.

“ప్రాణమండి,” అన్నాడు యోహాను. మాటల విషయంలో ఆయన అబద్ధమాడటం అదే మొదటిసారి. అందుకు సిగ్గుపడ్డాడు కూడా.

“తక్షణమే అమల్లోకి వస్తుంది,” అంటూ సోమయాజులు గారు సంతకం చేశాడు. చేసి, అలవాటు కొద్దీ ఆ కాగితం పట్టుకుని కమిషనర్ గదిలోకి వెళ్ళి, నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు.

“ఎస్?” అన్నాడు కమిషనర్.

“అది... అయ్యగారూ...”

“అయ్యగారేంటి? నేనేమన్నా పూజారినా?”

సంగతి ఆఫీసంతా పాకింది. “సారు అని తెలుగులో సాగదీసి అనొచ్చాండి?” అని గవర్రాజు అడిగాడు. సారు, సారూ, సారండి అన్నీ మూలపదానికి రూపాంతరాలేనని సోమయాజులు గారు తేల్చేశాడు. ఇన్నేళ్ళూ ప్రతి వాక్యానికీ ముందూ వెనకా ఆ మాట తగిలించుకుని బతికినవాళ్ళు, అది లేకపోతే వాక్యం ఎక్కడ మొదలెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియక తికమకపడ్డారు. క్యాషియర్, “బాబుగారూ” అన్నాడు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ తడబడి, “తమ్ముడూ” అనేసి నాలిక కరుచుకున్నాడు. మధ్యాహ్నానికల్లా కమిషనర్ వాడిపోయాడు. భుజాలు కిందకి దిగాయి.

“పొద్దుట్నుంచి నన్ను ఎవరూ... ఆ మాట అనట్లేదు, చూశారా?” అన్నాడు సోమయాజులు గారితో. “ఆ కేటాయింపు క్యాన్సిల్ చెయ్యండి.”

“చేయవచ్చునండి. పదం వెనక్కి తీసుకోవాలంటే పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. తమరి సర్క్యులరేనండి.”

డైరెక్టర్ గారు వచ్చేది ఎల్లుండి.

శుక్రవారం పొద్దున్నే జీపు ఆగింది. ప్రాంతీయ డైరెక్టర్ ధర్మానందం గారు దిగాడు. భారీ మనిషి, బుర్రమీసాలు, నడిచి వస్తుంటే గోడలు కూడా సర్దుకుని నిలబడతాయి. సిబ్బంది వరసగా నిలబడి ఉన్నారు. కమిషనర్ ముందుకొచ్చి దండ వేసి, “వెల్‌కమ్...” అని, ఆ తర్వాత రావలసిన మాట మింగి, ఖాళీ నోటితో నవ్వాడు.

డైరెక్టర్ గారు తల పంకించి ముందుకి నడిచాడు. సోమయాజులు గారు వంగి, “దయచేయండి అయ్యగారూ,” అన్నాడు. క్యాషియర్, “బావున్నారా బాబుగారూ,” అన్నాడు. డైరెక్టర్ గారి కనుబొమలు దగ్గరికొచ్చాయి. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ భయంతో ఏమీ అనలేక, పెళ్ళికొచ్చినవాడిలా చేతులు జోడించి వెర్రినవ్వు నవ్వాడు.

గవర్రాజు పొద్దుట్నుంచీ ఆలోచించి ఉన్నాడు. గౌరవంగా ఉండాలి, ఇంగ్లీషులో ఉండాలి, ఇంకొకరికి కేటాయించినది కాకూడదు. అలాంటి మాట లోకంలో ఒక్కటే మిగిలి ఉంది. డైరెక్టర్ గారు గుమ్మం దగ్గరికి రాగానే అటెన్షన్లో నిలబడి, సెల్యూట్ కొట్టి, గొంతెత్తి అరిచాడు.

“గుడ్మార్నింగ్ మేడమ్!”

డైరెక్టర్ గారి చెయ్యి తనకి తెలియకుండానే మీసం మీదికి వెళ్ళింది.

“ఏమిటిది?” అని గర్జించాడు. “నా సర్వీసులో ఇలాంటి అవమానం ఎరగను. ఇంతమంది ఉన్నారు, ఒక్కడికి... ఒక్కడికైనా పై అధికారిని ఏమని పిలవాలో తెలీదా?”

“ఒకరికి ఉందండి అధికారం,” అని సోమయాజులు గారు నీళ్ళు నములుతూ యోహాను వైపు చూశాడు.

యోహాను ముందుకొచ్చాడు. “నమస్కారం సార్,” అన్నాడు.

మండుటెండలో పడొచ్చినవాడికి మజ్జిగ అందించినట్టయింది. డైరెక్టర్ గారి మొహంలోకి నెత్తురొచ్చింది. “ఆఁ! నువ్వొక్కడివే సంస్కారం ఉన్నవాడివి. వీళ్ళకేమైంది?”

“ఆ మాట నాకొక్కడికే కేటాయించారు సార్. ఇంకెవరూ అనకూడదు సార్.”

“అయితే అందరికీ ఇచ్చెయ్!”

“ఇవ్వకూడదు సార్. పదాలు ఇచ్చిపుచ్చుకోవడం సమాంతర పంపిణీ సార్. కరీమున్నీసా గారు నాకు ఒక మాట చెప్పినందుకే తమరిప్పుడు ఆవిడని ఎర్రమెట్ట పంపబోతున్నారు సార్. ఆవిడకి జరిగింది రేపు నాకూ జరుగుతుంది సార్.” ఒక్కసారి ఊపిరి పీల్చుకుని ఇంకోటి కలిపాడు. “పైగా ఎర్రమెట్టలో కూడా ఈ పథకమే పెడతారు కదా సార్. అక్కడ ఈ మాట ఎవరు పట్టుకుపోతారో. తర్వాత జిల్లా అంతా పెడతారు సార్.”

డైరెక్టర్ గారు తన ఏలుబడిలో ఉన్న ఊళ్ళన్నీ వరసగా తలుచుకున్నాడు. ఒక్కో ఊళ్ళో ఒక్కో గవర్రాజు గుమ్మం దగ్గర సెల్యూట్ కొట్టడం ఆయన కళ్ళకి కట్టి ఉంటుంది.

“రద్దు,” అన్నాడు.

“ఏది సార్?”

“అన్నీ! పథకం, కేటాయింపు, డిప్యుటేషన్, అన్నీ! ఇప్పుడే!”

“సార్!” అని హాలంతా ఒక్కసారి అరిచింది. అందరికన్నా గట్టిగా అరిచింది కమిషనర్.

సోమవారం పదకొండింటికి టీ వచ్చింది. కరీమున్నీసా తన బల్ల దగ్గరే ఉంది. అయితే ఇద్దరూ ఇంకా నోరు విప్పకముందే సోమయాజులు గారు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో కొత్త సర్క్యులర్ ఉంది. నిఖిలేష్ గారు శని ఆదివారాలు కూర్చుని ఆలోచించి, ఈ గందరగోళానికంతటికీ ఇష్టమే మూలమని కనిపెట్టాడు. సోమయాజులు గారు గొంతు సవరించుకుని చదివాడు.

“ఇకమీదట ఈ కార్యాలయ ఉద్యోగులెవ్వరూ ఏ భాషయందును ఇష్టమైన పదమును కలిగి ఉండరాదు. ఇప్పటికే కలిగి ఉన్నవారు వెంటనే మానుకొనవలయును. అందరి సంతకములు తీసుకొనిన తక్షణమే అమలులోనికి వచ్చును.”

యోహాను గ్లాసు కింద పెట్టేశాడు. గెలిచామనుకున్నది ఆదివారం కూడా దాటలేదు. కరీమున్నీసా సంతకం పెట్టడానికి చెయ్యి చాచింది.

సోమయాజులు గారు కాగితం ఇవ్వలేదు. కదలనూ లేదు. గుమ్మం వైపు చూశాడు, మళ్ళీ వీళ్ళ వైపు చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“పదాల పరిశీలన నిమిత్తం డిక్షనరీ అంతా చూడవలసి వచ్చిందండి,” అన్నాడు. “పని మీదే చూశాను. మధ్యలో ఒకటి తగిలింది. ఎవరికీ కేటాయించలేదు. నేనూ తీసుకోలేదు, మేనేజర్ స్థాయికి తగదేమోనని. మా ఇంట్లో చెప్పుకుందామంటే వినేవాళ్ళు ఎవరూ లేరు.”

“చెప్పండి,” అంది కరీమున్నీసా మెల్లగా.

“డిల్లీడాలీ.”

ముందు యోహానుకి నవ్వొచ్చింది. తర్వాత ఆవిడకి వచ్చింది. ఆఖరికి, ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆఫీసులో ఎన్నడూ నవ్వని సోమయాజులు గారికి కూడా వచ్చింది, ఎలా ఆపుకోవాలో ఆయనకి తెలియలేదు.

“అంటే?” అన్నాడు యోహాను, అర్థం తెలిసి ఉండి కూడా.

“చేయవలసిన పని చేతిలో పెట్టుకుని, ఇదిగో చేస్తాను అదిగో చేస్తాను అంటూ, తిరుగుతూ, ఆగుతూ, ఊరికే పొద్దుపుచ్చడమండి,” అన్నాడు సోమయాజులు గారు. చెబుతూ చెబుతూ గవర్రాజు ఖాళీ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కరీమున్నీసా తన టీలో సగం ఇంకో గ్లాసులో పోసి ఆయన ముందు పెట్టింది.

“మరి సంతకాలండీ?” అని అడిగాడు యోహాను.

సోమయాజులు గారు సర్క్యులర్‌ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో లోతుగా దోపుకున్నాడు.

“తీసుకోవాలండి,” అన్నాడు టీ ఊదుకుంటూ. “తీసుకుంటాను.”